గురువారం పన్నెండింటికి వాలెన్సియాలో

ప్రశ్న: మా అమ్మాయి స్పెయిన్‌లోని వాలెన్సియాలో చదువుకుంటోంది. మార్చిలో గానీ ఏప్రిల్‌లో గానీ పది రోజులు వచ్చి వెళ్ళమని పట్టుబడుతోంది. మా వారు కె.సి. (కర్నూలు-కడప) కాలువ మీద నీళ్ళ వదలడం చూసుకునే లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. "చర్చీలూ సముద్రమూ చూడటానికి అంత దూరం ఎందుకు?" అంటున్నారు. ఏ నెల మంచిది? ఆయన మనసుకు పట్టేది అక్కడ ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ రెండో ప్రశ్నే నాకు ముఖ్యంగా తోచింది కనుక ముందు దానికి జవాబు చెబుతాను. వాలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు ప్రధాన చర్చి అపోస్తలుల ద్వారం ముందు, ఆరుబయటే, కాలువ నీటి తగాదాలు తీర్చే న్యాయస్థానం కూర్చుంటుంది. తూరియా నది నుంచి పొలాలకు నీళ్ళు పారించే కాలువల రైతులు తమలో నుంచి ఎన్నుకున్న పెద్దలు నల్లటి అంగీలు తొడుక్కుని వచ్చి కుర్చీల్లో కూర్చుంటే, బంట్రోతు ఒక్కో కాలువ పేరూ పిలిచి, దాని మీద ఫిర్యాదుకు గురైనవాళ్ళు ఎవరైనా వచ్చారా అని అడుగుతాడు. వంతు తప్పి నీళ్ళు పెట్టుకున్నవాడైనా, కాలువ పూడిక తీయనివాడైనా అక్కడ నిలబడి నోటితోనే సమాధానం చెప్పుకోవాలి. లాయర్లు ఉండరు, తీర్పు అక్కడికక్కడే వస్తుంది. తగాదా ఏ కాలువదో ఆ కాలువ పెద్ద తీర్పులో కలగజేసుకోడు. చివరి ఆయకట్టు రైతుల మాటలు ఏళ్ళ తరబడి విన్న మీ వారికి ఈ ఒక్క నియమం విలువ ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. అరబ్బుల పాలనాకాలం నుంచి వస్తున్నదని చెప్పుకునే ఈ ఆచారాన్ని యునెస్కో 2009లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. చాలా గురువారాలు ఫిర్యాదులే ఉండవు, అప్పుడు అంతా నిమిషాల్లో ముగిసిపోతుంది. కాబట్టి పావుగంట ముందే వెళ్ళి నిలబడండి.

ఆ తరువాత ఆయనను తూరియా పాత పాయలోకి నడిపించండి. 1957 అక్టోబరు 14న ఆ నది ఊరిని ముంచి ఎనభై మందికి పైగా ప్రాణాలు తీసింది. దాంతో నదిని ఊరికి దక్షిణంగా కొత్త కాలువ తవ్వి మళ్ళించారు. ఎండిన పాయలో పెద్ద రహదారి వేయాలని ప్రభుత్వం తలపెడితే, జనం అడ్డుపడి తోటగా మార్పించుకున్నారు. నేడది సుమారు 9 కిలోమీటర్ల పొడవునా పచ్చగా ఉంది, పాత రాతి వంతెనల కింద నీళ్ళకు బదులు పిల్లలు ఆడుకుంటుంటారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు ఇంట్లో నుంచి బురద ఎత్తిపోసినవాళ్ళలో నేనూ ఒకరిని కనుక, ఆ తోట గురించి చదివినప్పుడల్లా నాకు మన పాతబస్తీయే గుర్తుకొస్తుంది. అయితే నదిని మళ్ళించినంత మాత్రాన ఆపద తొలగిపోలేదు. 2024 అక్టోబరు 29 వరదలో కొత్త పాయ నగరాన్ని కాపాడింది గానీ, దానికి అవతల ఉన్న ఊళ్ళు మునిగిపోయి, ఆ ప్రాంతంలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. అక్కడివాళ్ళతో ఆ మాట ఎత్తవలసి వస్తే మెల్లగా ఎత్తండి.

ఇక నెల సంగతి. మార్చి 15 నుంచి 19 వరకు ఫాయాస్ పండుగ. వీధి వీధికీ నిలబెట్టిన పెద్ద పెద్ద బొమ్మలను 19 రాత్రి కాల్చేస్తారు. గొప్ప వేడుకే, కానీ పగలూ రాత్రీ టపాకాయల మోత, బసకు గదులు దొరకవు. మీ వయసుకు ఏప్రిలే మేలు. కర్నూలులో ఎండ మండే ఆ రోజుల్లో అక్కడ పగలు ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది, నారింజ పూల వాసన వీధుల్లోకి వస్తుంది. రాత్రికి స్వెట్టరు కావాలి, సముద్రంలో స్నానానికి మాత్రం నీళ్ళు ఇంకా చల్లన. ఓర్చాతా అనే చల్లని పానీయం తప్పక తాగండి. మన చేలలో కలుపుగా మొలిచే తుంగకు దగ్గరి జాతి మొక్క గడ్డలను రుబ్బి, పాలు తీసి, చక్కెర కలిపి చేస్తారు. స్పెయిన్ వెళ్ళడానికి కావలసిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి.

న్యాయస్థానంలో మాటలన్నీ వాలెన్సియన్ భాషలో నడుస్తాయి. ఆ గురువారం మీ అమ్మాయిని తరగతి లేకుండా చూసుకోమనండి, నాన్న పక్కన నిలబడి తెలిసినంత మేర చెబుతుంది.