పైన్‌హర్స్ట్‌లో ఆటకు డబ్బు కట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. ఆగస్టులో మా నార్త్ కరోలినా వస్తున్నానని, ఒకరోజు పైన్‌హర్స్ట్ రిసార్టులో గోల్ఫ్ ఆడదామని రాశావు. సంతోషం. డబ్బు కట్టే ముందు మాత్రం ఒక ఫోను చేసి, "ఆ వారంలో గ్రీన్లకు ఏరేషన్ ఉందా?" అని అడుగు. గ్రీన్ అంటే హోల్ చుట్టూ, అంటే బంతి వేసే గుంట చుట్టూ, ఉండే నున్నటి గడ్డి నేల. గడ్డి వేర్లకు గాలి ఆడాలని ఆ గ్రీన్ల నిండా చిన్న రంధ్రాలు పొడిచి ఇసుక చల్లుతారు. అవి పూడి నునుపు తేలడానికి రెండు వారాలైనా పడుతుంది. అక్కడి గ్రీన్లది బెర్ముడా గడ్డి. ఆ గడ్డికి ఈ పని అది జోరుగా పెరిగే ఇక్కడి వేసవిలోనే పెట్టుకుంటారు, అంటే సరిగ్గా నీ సెలవుల్లో. ఒకసారి వేరే రిసార్టులో ఈ మాట అడగకుండా పూర్తి ధర కట్టాను. ఆ రోజంతా నా బంతి జల్లెడ మీద దొర్లినట్టు దొర్లింది. మనం అడిగితే తప్ప వాళ్లు చెప్పరు. ప్రకటన బొమ్మల్లో మాత్రం గడ్డి ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది!

ఇక పైన్‌హర్స్ట్‌లోని కోర్సుల్లో రెండో నంబరుదే కావాలన్న నీ పట్టుదల. డొనాల్డ్ రాస్ రూపొందించిన ఆ కోర్సు 1907 నాటిది. గోల్ఫ్‌లో పెద్ద పోటీ అయిన పురుషుల యూఎస్ ఓపెన్ 2024తో కలిపి అక్కడ నాలుగుసార్లు జరిగింది కాబట్టి మోజు సహజమే. ఫొటోల్లో అది సాధువులా కనిపిస్తుంది. గ్రీన్ దాకా బంతి కొట్టుకుంటూ సాగే ఫెయిర్‌వేలు విశాలం, నీటి గుంటల బెడద దాదాపు లేదు. కష్టమంతా గ్రీన్ల దగ్గరే. బోర్లించిన మూకుళ్లలా ఉంటాయి, చక్కగా పడిన బంతి కూడా అంచు దాకా జారి కిందికి పోతుంది. అందుకే స్కోర్‌కార్డులో నువ్వు ఆడబోయే టీకి (తొలి దెబ్బ కొట్టే చోటుకి) ఇచ్చిన స్లోప్ సంఖ్య చూడు. ఆరితేరినవాడితో పోలిస్తే మామూలు ఆటగాడికి ఎంత కష్టమో అది చెబుతుంది. 113 ప్రామాణికం, 155 గరిష్ఠం. 130 దాటితే పౌరుషానికి పోకుండా గ్రీన్‌కు దగ్గరగా ఉండే ముందరి టీ నుంచి ఆడు.

ఆడాలంటే అక్కడే గది తీసుకోవాలా, క్యాడీ (సంచి మోసే సహాయకుడు) రుసుము విడిగానా అనేవి కూడా ఆ ఫోనులోనే తేల్చుకో.

సాయంత్రం అక్కడే ఉన్న క్రేడిల్ అనే చిన్న కోర్సుకు వెళదాం. తొమ్మిది హోల్స్ కలిపి 789 గజాలే. పిన్ని కూడా వస్తానంటోంది. పోయినసారి నన్ను ఓడించింది, ఆ సంగతి తనే చెబుతుందిలే.

బాబాయి