నొప్పి తగ్గాక కూడా రూట్ కెనాల్ ఎందుకంటే

మీరు అడిగింది ఇదీ: కింది దవడలో మొదటి పెద్ద పన్ను పుచ్చింది, రాత్రుళ్ళు నిద్ర లేనంత పోటు పెట్టింది, మెడికల్ షాపు మాత్రలతో వారంలో తగ్గిపోయింది. విశాఖ గాజువాకలో చూపించుకుంటే రూట్ కెనాల్ (పన్ను పీకకుండా వేర్ల లోపలి సన్నటి కాలువల్ని శుభ్రం చేసి మూయడం) చేసి క్యాప్ వెయ్యాలన్నారు, ఇంట్లోవాళ్ళేమో పీకించేయమంటున్నారు. నొప్పే లేనప్పుడు ఇదంతా అవసరమా అని.

పోటు దానంతటదే ఆగడం మంచి సూచన కాదండీ. పంటి మధ్యలో పల్ప్ అనే మెత్తటి కండ ఉంటుంది, నరాలూ రక్తనాళాలూ అందులోనే. పుచ్చు దానిదాకా రానంతవరకు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమని, కొన్ని సెకన్లలో సర్దుకుంటుంది. అప్పుడైతే ఫిల్లింగ్‌తో సరిపోతుంది. లోపలికి దిగాక ఆ జివ్వు ఎంతకీ వదలదు, వేడి కాఫీకి పెరుగుతుంది, పడుకుంటే ఇంకా సలుపుతుంది. పల్ప్ చుట్టూ గట్టి గోడ కాబట్టి వాచడానికి చోటుండదు. రక్తం అందక చచ్చిపోతుంది, దాంతో నొప్పీ ఆగుతుంది. మనం మాత్రలు పనిచేశాయనుకుంటాం. యాంటీబయాటిక్ రక్తంతోపాటే చేరాలి, రక్తమే వెళ్ళని చోటికి మందు ఎలా వెళ్తుంది? బ్యాక్టీరియా మాత్రం లోపలే ఉండి, వేరు కొస నుంచి ఎముకలోకి దిగుతుంది. కొంతకాలానికి నమిలితే నొప్పి, చిగురు మీద చీము పొక్కు, ఎక్స్‌రేలో వేరు కొసన నల్లటి నీడ కనబడతాయి.

పల్ప్ నిజంగా చచ్చిందో లేదో ఎక్స్‌రే ఒక్కటే చెప్పదు. చల్లదనం పెట్టి పక్క పళ్ళతో పోల్చి చూడాలి, పన్ను మీద తట్టి చూడాలి. ఈ రెండూ చేశారా అని అడగండి.

పీకించడం సరైన సందర్భాలూ ఉన్నాయి: వేరు నిలువునా చీలినప్పుడు, చుట్టూ ఎముక కరిగి పన్ను బాగా ఊగుతున్నప్పుడు, చిగురు పైన క్యాప్ పట్టుకోవడానికి చుట్టూ దాదాపు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను కూడా మిగలనప్పుడు. మీ పన్ను వీటిలో లేకపోతే నేను ఉంచుకోమనే చెప్తాను. పీకించేస్తే ఆ ఖాళీలోకి వెనక పన్ను ఒరుగుతుంది, పై పన్ను కిందికి జారుతుంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ళ ఆధారంతో నిలిచే కట్టుడు పన్ను, పెట్టాలంటే పక్కనున్న రెండు మంచి పళ్ళను అరగదీయాలి.

ఇక చికిత్స. ముందు మత్తు ఇంజెక్షన్. పోటు మీదున్న కింది దవడ పన్నుకి మత్తు ఒక్కోసారి సరిగా పట్టదు, అప్పుడు పంటి పక్కన ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. పల్ప్ చచ్చిన పన్నుకి ఆ బాధ తక్కువ. తర్వాత పంటికి రబ్బరు డ్యామ్ కట్టాలి: పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా పలచటి రబ్బరు తెర. దాన్ని వదిలేస్తే లాలాజలంలోని బ్యాక్టీరియా శుభ్రం చేస్తున్న కాలువలోకే పోతుంది, చేయి జారితే ఫైలు (కాలువని గీకే సూదిలాంటి సన్నటి పరికరం) గొంతులోకి వెళ్ళొచ్చు. డ్యామ్ వాడతారా అని ముందే అడగండి, మొహమాటపడొద్దు.

పన్ను పైనుంచి తెరిచి కాలువలు వెతుకుతారు. మీ పంటికి సాధారణంగా రెండు వేర్లు, మూడో నాలుగో కాలువలు. పై దవడ మొదటి పెద్ద పంటికి మూడు వేర్లున్నా నాలుగో కాలువ తరచూ ఉంటుంది, తప్పిపోయేదీ ఎక్కువగా అదే. రూట్ కెనాల్ అయిన ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ చీము పట్టడానికి వదిలేసిన కాలువ పెద్ద కారణం.

మొదట దిగే 10 నంబరు ఫైలు కొస మందం 0.1 మిల్లీమీటరే. వేరు కొస ఎక్కడుందో చూపే అపెక్స్ లొకేటర్ అనే పరికరంతో కాలువ పొడవు కొలిచి, వేరు కొసకి 0.5 నుంచి 1 మిల్లీమీటరు ముందే ఆగాలి. దాటితే ఎముక రేగి నొప్పి, బాగా ముందే ఆగితే మురికి మిగిలిపోతుంది. తర్వాత మెషీన్ ఫైళ్ళతో కాలువని వెడల్పు చేస్తారు. అయితే కాలువలు గుండ్రంగా ఉండవు, ఫైలు తాకని గోడలు చాలానే మిగులుతాయి. అసలు శుభ్రం చేసేది సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, నోట్లో బ్లీచింగ్ వాసన వచ్చేది దానివల్లే. దాన్ని మళ్ళీ మళ్ళీ, ఆదరాబాదరా లేకుండా పోయాలి. చివర్లో 17 శాతం ఈడీటీఏ అనే ద్రావణంతో గోడకంటిన పొర తీస్తారు. చీము ఎక్కువుంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు లోపల పెట్టి ఒకటి రెండు వారాలు ఆగుతారు. ఆఖరికి గట్టాపెర్చా అనే గులాబీ రంగు కడ్డీలతో, సందులు పూడ్చే సీలర్‌తో కాలువల్ని మూస్తారు. మూశాక తీసిన ఎక్స్‌రే మీ ఫోన్లోకి పంపించుకోండి: తెల్లటి గీత దాదాపు వేరు కొసదాకా ఖాళీల్లేకుండా కనబడాలి.

ఫైలు లోపల విరగడం మంచి డాక్టర్ల దగ్గరా జరుగుతుంది. విరిగినంత మాత్రాన పన్ను పోయినట్టు కాదు, శుభ్రం ఎంతవరకు అయ్యాక విరిగిందన్నదే ముఖ్యం. కానీ ఆ సంగతి మీకు చెప్పి తీరాలి.

చాలామంది నష్టపోయేది ఇక్కడే: నొప్పి పోయిందని క్యాప్ వాయిదా వేస్తారు. తాత్కాలిక సిమెంట్ కొన్ని వారాల్లో అరిగి ఉమ్ము లోపలికి దిగుతుంది, చేసిందంతా వృథా. పుచ్చు తీసి, మధ్యలో తెరిచిన పెద్ద పన్ను గోడలు బలహీనంగా ఉంటాయి, ఒక్క గట్టి పలుకు చాలు నిలువునా చీలడానికి. క్యాప్ పడేదాకా ఆ వైపు బీచ్‌లో మురీ మిక్చర్ కూడా నమలొద్దు. డబ్బు సర్దుబాటు కాకపోతే మామూలు మెటల్ క్యాప్ వేయించుకోండి, వెనక పంటికి అది చక్కగా పనిచేస్తుంది. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. కాలేజీల్లో సాధారణంగా ఖర్చు తక్కువ, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి.

చేయించుకున్నాక రెండు మూడు రోజులు నమిలితే నొప్పి మామూలే. మత్తు దిగేదాకా తినకండి, బుగ్గ కొరుక్కుంటారు. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి, ఆ మాత్రలు సొంతంగా ఆపకండి. దవడ కిందకి వాపు దిగినా, జ్వరంతో నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ గంటలోనే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్ళండి. ఆ వాపు గొంతు దాకా వస్తే ఊపిరి ఆడదు.