స్కానర్‌కు వినిపించని టకటక

ప్రశ్న: పాత కారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటోంది. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టి ఫోన్‌లో చూస్తే లోపాలేమీ లేవంటోంది. యాక్సిల్ షాఫ్టులు నేనే విప్పాలనుకుంటున్నాను. అంతకుముందు యాప్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి?

జవాబు: ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు. ఈ ఫిర్యాదు నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఓబీడీ-2 అనే ఈ స్వీయపరీక్ష వ్యవస్థను తప్పనిసరి చేసింది ముఖ్యంగా ఇంజిన్ పొగను అదుపు చేయడానికి. గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టుకు రెండు చివరలా ఉండే కీలు సీవీ జాయింటు. అందులో ఉన్నది ఉక్కూ గ్రీజూ మాత్రమే, దాని అరుగుదలను కొలిచే సెన్సార్ లేదు. అయినా యాప్ తెర నిండా పచ్చరంగు పరిచి ‘వాహనం బాగుంది’ అంటుంది. ‘నాకు కనిపించినంతవరకు’ అన్న ఒక్క మాట చేర్చరు ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లు. ఇది నిర్లక్ష్యమే.

చక్రం వెనక ఆ జాయింటును కప్పే రబ్బరు బూటును చూడండి. అది చీలితే గ్రీజు చక్రం లోపలివైపు వలయంగా చిమ్మి ఉంటుంది. ఆ చీలికలోంచి చేరిన దుమ్మూ నీళ్లే జాయింటును తినేస్తాయి. మలుపులో టకటక చాలావరకు బయటి జాయింటుది. నేరుగా వెళ్తూ వేగం పెంచినప్పుడు వణికితే లోపలిదాన్ని అనుమానించాలి.

విప్పే పద్ధతి మాన్యువల్‌లో ఉంది. వీడియోలు దాటేసేవి మాత్రం చెబుతాను. షాఫ్టును చక్రం మధ్యలో బిగించే హబ్ నట్‌ను చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీని నమ్మి కారు కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. షాఫ్టును పట్టుకుని గుంజవద్దు, లోపలి జాయింటు ముక్కలుగా విడిపోతుంది. చాలా కార్లలో గేర్‌బాక్స్‌కూ జాయింటుకూ మధ్య కమ్మీ దూర్చి మీటితే బయటికొస్తుంది. గేర్ ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం ఉంచండి. షాఫ్టు మీద ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) వేగం కొలిచే పళ్ల చక్రం ఉంటే పాతదానికీ కొత్తదానికీ పళ్లు లెక్కపెట్టండి. ఒక్కటి తేడా వచ్చినా వేగం లెక్క తప్పుతుంది.

ఇక మీరు అడగని విషయం: డాంగిల్ ఇంకా సాకెట్‌లోనే ఉందా? అందులో 16వ పిన్నుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తాళంచెవి తీసేసినా డాంగిల్ మేలుకునే ఉండవచ్చు. చౌకరకాలు చాలావాటికి జత కుదిర్చే సంఖ్య 1234 లేదా 0000. కారు పక్కన నిలబడినవాడు ఎవడైనా మీ కారుతో మాట్లాడవచ్చు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మొబైల్ నెట్‌వర్క్‌తో నడిచే ఒక డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి కారు వైపర్లు తిప్పారు, నెమ్మదిగా వెళ్తుండగా బ్రేకులు పనిచేయకుండా చేశారు. మీదానికి అంత దూరం అందదు. కానీ పార్కింగ్‌లో పక్క కారు ఎంత దూరంలో ఉంటుంది? యాప్ కాంటాక్టులు కూడా అడిగిందా? షాఫ్టు పని మొదలుపెట్టకముందే డాంగిల్‌ను పీకేయండి, ఫోన్‌లో ఆ జతను తొలగించండి, ఆ అనుమతిని రద్దు చేయండి.