పెన్సిలుతో రాసిన మాట

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు చెన్నైలో మెత్తని కణజాలాల యాంత్రిక ధర్మాల మీద పరిశోధన చేస్తున్నాను. మేక కాలిలో కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్‌ను లాగి, ఎంత బలానికి ఎంత సాగుతుందో కొలిచి, దానికి గణిత నమూనా కట్టాను. వ్యాసాన్ని ఒక విదేశీ పత్రికకు పంపితే తిరిగి వచ్చింది. ‘అసలు విషయం నాలుగో పేజీ దాకా తెలియడం లేదు, నమూనాను నమ్మడానికి వివరాలు చాలవు’ అన్నారు. మా తెలుగు మాస్టారు నేర్పినట్టే ముందు ఉపోద్ఘాతం, తర్వాత పెద్దల మాట, ఆపైన నా మాట రాశాను. తెలుగులో ఆలోచించడమే నా తప్పా? వ్యాసమూ గ్రాఫూ జత చేశాను.
– పరిశోధక విద్యార్థిని, వేళచేరి, చెన్నై

జవాబు: తెలుగులో ఆలోచించడం తప్పెలా అవుతుందమ్మా? ఎవరు చెప్పినా నమ్మకు. 1966లో రాబర్ట్ కాప్లన్ అనే అమెరికా భాషావేత్త, విదేశీ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలు చూసి, ఇంగ్లీషువాళ్ళ ఆలోచన తిన్నని గీత అనీ, తూర్పు దేశాలవాళ్ళది సుడి తిరుగుతుందనీ బొమ్మలు గీశాడు. ఇంకా నేర్చుకుంటున్న భాషలో రాసినదాన్ని పట్టుకుని మనుషుల ఆలోచనకే బొమ్మ గీయడం ఏమి న్యాయమని తర్వాతివాళ్ళు నిలదీశారు. మరీ గట్టిగా చెప్పానని ఆయనే ఒప్పుకున్నాడు. నీకు జాన్ హైండ్స్ అనే మరో భాషావేత్త మాట ఎక్కువ పనికొస్తుంది. కొన్ని భాషల్లో అర్థం చేసుకునే భారం చదివేవాళ్ళ మీద ఉంటుంది, ఇంగ్లీషులో ఆ భారం రాసేవాళ్ళదే అన్నాడాయన.

మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం (ఎదుటివాళ్ళ వాదన) ముందు, సిద్ధాంతం (మన నిర్ణయం) తర్వాత. ఆ పద్ధతిని పారేయనక్కరలేదు. నీకు ముందున్న నమూనాలే నీ పూర్వపక్షం. అవి ఎక్కడ చాలలేదో చెప్పి, వెంటనే నువ్వేం చేశావో చెప్పు. ఇదంతా మొదటి పేజీ దాటకూడదు. ‘మానవ జీవితంలో కదలిక ప్రాముఖ్యం’ అని రాసిన పేజీన్నర మాత్రం తీసివేయి. 1954లో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా, టెండాన్‌కు బలమిచ్చే ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించింది ఇక్కడి మద్రాసు విశ్వవిద్యాలయం నుంచే. నువ్వు లాగుతున్న పీచు అదే. ఆ వ్యాసం రెండే పేజీలు!

ఇక నీ గ్రాఫు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గీత మొదట దాదాపు బల్లపరుపుగా సాగి, తర్వాత నిటారుగా లేచింది. వదులుగా ఉన్న టెండాన్‌లో కొల్లాజెన్ పీచులు అలలు అలలుగా ఉంటాయి. కొద్ది బలానికే ఆ అలలు విచ్చుకుంటాయి. పీచు సాపు అయ్యాక ఇక అంత తేలికగా సాగదు. జీవయాంత్రిక శాస్త్రవేత్త వై.సి. ఫంగ్ 1967లో కుందేలు పేగులను పట్టి ఉంచే పొర మీద ఇలాంటి తీరే చూశాడు. బలం పెరిగేకొద్దీ బిరుసుతనం కూడా అదే లెక్కన పెరుగుతోందని గమనించి ఘాతీయ (ఎక్స్‌పొనెన్షియల్) సమీకరణం రాశాడు. నువ్వూ అదే వాడావు, గీత చక్కగా కలిసింది. కానీ స్థిరాంకాలు సర్దితే ఇలాంటి వంపుకు చాలా సమీకరణాలు కలుస్తాయి. సగం సాగుదల దాకా ఉన్న కొలతలతో స్థిరాంకాలు కట్టి, మిగతా సగం ఎలా ఉంటుందో లెక్కవేసి చూడు. టెండాన్‌లో ఆ పై భాగం దాదాపు సరళరేఖ కాబట్టి నీ సమీకరణం అక్కడ మించిపోవచ్చు. మించితే దాచకు. నీ వ్యాసంలో అందరూ చదివే పేరా అదే అవుతుంది.

గ్రాఫు కింది మూలలో పెన్సిలుతో ‘మొదటి 5 సార్లు లాగినవి వదిలేశాను’ అని రాసుకున్నావు. వ్యాసంలో ఆ మాట ఎక్కడా లేదు! కొత్తగా బిగించిన టెండాన్‌ను లాగి వదులుతుంటే ప్రతిసారీ గీత కొంచెం పక్కకు జరుగుతుంది, కొన్నిసార్ల తర్వాతే ఒకే దారిలో పడుతుంది. కనుక నువ్వు చేసింది సరైన పనే. దాన్ని చెప్పకపోతే చదివేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఎన్నిసార్లు లాగావు, ఎంత దాకా, ఎంత వేగంతో? ఉప్పునీటితో తడిగా ఉంచావా? మాంసం కొట్టు నుంచి తెచ్చాక ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంచావు? అన్నిటికన్నా ముఖ్యం, సున్నా పొడవు ఎక్కడ పెట్టావు? వదులుగా వేలాడే దారానికి పొడవు ఎక్కడ మొదలవుతుందో చూడగానే చెప్పలేం. ఏ చిన్న బలం దగ్గర సున్నా అనుకున్నావో రాయి. అక్కడ అర మిల్లీమీటరు తేడా వచ్చినా స్థిరాంకాలు మారిపోతాయి.

నా మొదటి వ్యాసంలో నేనూ ఇవన్నీ వదిలేశాను, ఇంత చిన్న సంగతులతో పెద్దల సమయం పాడుచేయకూడదని. ఆ మొహమాటం నా విద్యార్థుల్లోనూ ఏళ్ళ తరబడి చూశాను. పెద్దల పేర్లకు రెండు పేజీలు, తమ చేతి పనికి రెండు వాక్యాలు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఇంకొకటి. 6 టెండాన్లతో ‘నిరూపించాము’ అన్నావు. తెలుగులో అయితే ‘అనిపిస్తోంది’, ‘అయి ఉండవచ్చు’ అనేదానివి. ఆ జాగ్రత్తను ఇంగ్లీషులోకీ తీసుకువెళ్ళు. పద్ధతుల భాగాన్ని ముందు తెలుగులోనే రాసుకో, ఆ పెన్సిలు మాటతో మొదలుపెట్టి. పంపేముందు నాకు ఒకసారి చూపించు.