కాలి రక్తనాళంలో బెలూన్: ఏ డాక్టరు చెయ్యాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, షుగరు ఉంది. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. కాలి రక్తనాళం పూడుకుపోయిందని, తొడ దగ్గర నుంచి క్యాథెటర్ (సన్నటి గొట్టం) పంపి, పూడుకున్న చోట బెలూన్ ఉబ్బించి తెరుద్దామని గుండె డాక్టరు అన్నారు. ఒక బంధువు ఇది వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) పని అంటారు, ఇంకొకరు రేడియాలజిస్ట్ (ఎక్స్-రే, స్కానింగ్‌ల డాక్టరు) దగ్గరికి వెళ్లమంటారు. ఏ డిగ్రీ ఉంటే నమ్మొచ్చు?

జవాబు: ముగ్గురూ చేస్తారమ్మా. తీగ మీదుగా క్యాథెటర్ ఎక్కించే పద్ధతిని 1953లో చెప్పిన సెల్డింగర్ రేడియాలజిస్ట్. 1964లో అమెరికాలో, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల ఆవిడకు తొడ ధమనిని కోత లేకుండా తెరిచిన ఛార్లెస్ డాటర్ కూడా రేడియాలజిస్టే. 1977లో జ్యూరిక్‌లో గుండె ధమనిలో బెలూన్ వేసిన గ్రుంట్‌జిగ్ గుండె డాక్టరు, 1990లో పొట్టలో ఉబ్బిన బృహద్ధమనికి లోపలి నుంచే స్టెంట్ అనే జాలీ గొట్టం అమర్చిన పరోడీ సర్జన్. ఇన్ని వైపుల నుంచి పెరిగిన విద్య ఇది, కాబట్టి డిగ్రీ ఒక్కటే చూసి తేల్చుకోలేరు.

చూడాల్సింది, ఆయన ఏ రక్తనాళంలో శిక్షణ పొందారని. గుండె ధమనుల్లో వేల కేసులు చేసిన చెయ్యి కూడా మోకాలి కింది సన్నటి ధమనులకో, మెడలోని కెరోటిడ్ ధమనికో కొత్తదే. కెరోటిడ్‌లో కొవ్వు ముక్క ఒకటి ఊడితే నేరుగా మెదడుకు పోతుంది, పక్షవాతం వస్తుంది. అందుకే ప్రమాణాలు వేరువేరుగా పెట్టారు. అమెరికాలో గుండె యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో ధమని తెరవడం) శిక్షణలో కనీసం 250 కేసులు చెయ్యాలి. కాళ్ల విషయానికి వస్తే, అక్కడి వైద్య సంఘాలు కలిసి 2004లో ఇచ్చిన సూచనల ప్రకారం గుండె డాక్టర్లు 100 యాంజియోగ్రామ్‌లు (మందు ఎక్కించి తీసే రక్తనాళాల ఎక్స్-రేలు), 50 చికిత్సలు చేసి ఉండాలి, అందులో సగం ముఖ్య ఆపరేటర్‌గా. పక్కన నిలబడి తీగ అందించినవన్నీ ఈ సగంలోకి రావు! కెరోటిడ్‌కు మళ్లీ విడిగా 30 యాంజియోగ్రామ్‌లు, 25 స్టెంట్లు అన్నారు.

పరీక్ష పాసవ్వడం ఒకటి, ఆసుపత్రి అనుమతి ఇంకొకటి. మంచి ఆసుపత్రిలో ఒక కమిటీ ఆ డాక్టరు చదువు, కేసుల చిట్టా, వచ్చిన కాంప్లికేషన్లు అన్నీ పరిశీలించి ఒక్కో ప్రొసీజర్‌కు విడివిడిగా అనుమతి ఇస్తుంది, మొదటి కొన్ని కేసులకు అనుభవమున్నవాళ్లను పక్కన ఉంచుతుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ చూస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఈ రెండో వడపోతే, ఎందుకంటే ఎప్పుడో తెచ్చుకున్న సర్టిఫికెట్‌లో ఈ ఏడాది ఎన్ని కేసులు చేశారో ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ నాన్నగారిది నడిస్తేనే వచ్చే నొప్పి. పుండు గానీ, పడుకున్నప్పుడు కూడా నొప్పి గానీ లేకపోతే మామూలుగా ముందు మందులు, పొగతాగే అలవాటుంటే మానడం, పద్ధతి ప్రకారం రోజూ నడిపించడం చేసి చూస్తారు. బెలూన్ ఎప్పుడు వెయ్యాలో ఎంత బాగా నేర్చుకోవాలో, ఎప్పుడు వద్దో కూడా అంతే నేర్చుకోవాలి, శిక్షణ అంటే అదీ. 'ఇప్పుడే ఎందుకు?' అని అడగండి, తృప్తిగా చెప్పలేకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి.

ప్రశ్న: నేను పీజీ చేస్తున్నాను. సిమ్యులేటర్ (రోగి బదులు సాధన చేసే యంత్రం) మీద బాగా ప్రాక్టీస్ చేస్తే కేసుల సంఖ్య తక్కువైనా పరవాలేదా?

జవాబు: సిమ్యులేటర్ వదలొద్దు. 2004లో అమెరికాలో కెరోటిడ్ స్టెంట్‌కు అనుమతి ఇచ్చినప్పుడు డాక్టర్ల శిక్షణలో దాన్నీ చేర్చారు. తీగ తిప్పడం, పరికరాల వరస, ఎక్స్-రే పెడల్ మీద అనవసరంగా కాలు ఉంచకపోవడం, ఇవన్నీ రోగికి ప్రమాదం లేకుండా అలవాటవుతాయి. కానీ గజ్జలో సూది ఎక్కడ గుచ్చాలో వేలికి తెలియాలి. తొడ ఎముక తల మీదుగా ధమని వెళ్లే చోట గుచ్చితే, తర్వాత అక్కడ పెట్టిన షీత్ (పరికరాలు లోపలికి పంపే చిన్న గొట్టం) తీశాక దాన్ని ఎముకకు అదిమి రక్తం ఆపొచ్చు. కాస్త పైకి పోయిందా, అదమడానికి కింద ఎముక ఉండదు, రక్తం పొట్ట వెనక్కి చేరుతుంది, పైకి చుక్క కూడా కనపడదు. రోగి నడుం నొప్పి అంటాడు, బీపీ పడిపోతుంది. ఆ ఫిర్యాదు వినగానే అనుమానం రావాలంటే రాత్రి వార్డులో రోగి పక్కన ఉండి నేర్చుకోవాలి బాబూ, వేరే దారి లేదు. పైగా ఆ సంఖ్యలు కనీసం మాత్రమే. చిట్టాలో కేసు రాసేటప్పుడు మీరు స్వయంగా ఏం చేశారో, ఏం తేడా వచ్చిందో కూడా నిజాయతీగా రాసుకోండి.

ప్రశ్న: ఇలాంటివి అడిగితే డాక్టరుకు కోపం రాదా? టెన్షన్‌గా ఉంటుంది.

జవాబు: మర్యాదగా అడగండి, తప్పేం లేదు. 'ఈ కాలి ప్రొసీజర్ మీరు స్వయంగా ఏడాదికి ఎన్ని చేస్తారండీ? రక్తనాళం చిరిగినా మూసుకుపోయినా వెంటనే సర్జన్ ఉంటారా? రక్తనాళాలు ఎక్స్-రేలో కనపడడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు మా నాన్న కిడ్నీలకు పడుతుందా?' ఈ మూడూ చాలు. బాగా చేసేవాళ్లు సూటిగా చెప్తారు, తమది కానిది ఇంకొకరికి పంపిస్తారు కూడా.

అయితే కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి కదలకపోతే మాత్రం ఈ ప్రశ్నలు పెట్టుకోకండి. రక్తం ఆగిన కండరం 6 గంటలు దాటితే కోలుకోవడం కష్టం. రక్తనాళాల ఆపరేషన్ జరిగే ఆసుపత్రుల్లో మీకు దగ్గరున్నదానికి వెంటనే తీసుకెళ్లండి.