అంతర్జాతీయ సహకారం గురించి రాస్తున్న అమ్మాయికి

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రజాస్వామ్యాన్ని, మానవ హక్కులను కాపాడుకోవడంలో దేశాలు ఒకదానికొకటి ఎలా తోడ్పడాలన్న విషయం మీద నీవు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కష్టమైన విషయాన్ని ఎంచుకున్నావు, అందుకు సంతోషించాను. ఒడంబడికల పేర్లు, తేదీలు సరిగానే ఉన్నాయి. అయితే వ్యాసం పొడుగునా ప్రభుత్వాలు మాట్లాడాయి, ఐక్యరాజ్య సమితి మాట్లాడింది, రాయబారులు మాట్లాడారు. హక్కు పోగొట్టుకున్న మనిషి మాత్రం ఒక్కచోటా నోరు తెరవలేదు. అమ్మా, ఈ సహకారం విలువ ఎంతో తేల్చేది ఆ మనిషే. తన ఊళ్లో, తన పోలీస్ స్టేషన్‌లో, తన యజమాని దగ్గర దొరకని న్యాయం కోసం అతని ఫిర్యాదు సరిహద్దు దాటి ఎక్కడిదాకా వెళ్లగలిగిందో, ఎక్కడ ఆగిపోయిందో, తిరిగి వచ్చేటప్పుడు ఏమి తెచ్చిందో రాయగలిగితేనే నీ వ్యాసం నిలుస్తుంది.

దీనికి మన నగర చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భారతదేశం మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 16న పారిస్‌లో సమావేశమైన మండలి ఆ ఫిర్యాదును చర్చకు తీసుకుంది, మరునాడే నిజాం లొంగిపోయాడు. ఆ సమావేశంలో మాట్లాడినవాళ్లలో నిజాం ప్రతినిధులున్నారు, భారత ప్రతినిధులున్నారు. తరతరాలుగా వెట్టి చేసిన నల్లగొండ, వరంగల్ పల్లెల జనం గానీ, రజాకార్లు ఇళ్లు తగలబెడితే కట్టుబట్టలతో మిగిలినవాళ్లు గానీ అక్కడ లేరు. సైనిక చర్య ముగిశాక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో వేలాది ముస్లింలు హత్యకు గురయ్యారు. వారి తరఫున కూడా ఏ అంతర్జాతీయ వేదిక మీదా ఎవరూ మాట్లాడలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది గానీ, ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఇంత జరిగి మూడు నెలలైనా కాకముందే, డిసెంబరు 10న, అదే పారిస్‌లో సర్వప్రతినిధి సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను 48 ఓట్లతో ఆమోదించింది. ఎవరూ వ్యతిరేకించలేదు, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. ఈ రెండు ఘటనలనూ నీవు పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక. ఆనాటికి అంతర్జాతీయ వేదిక ఎక్కడానికి రాజుకు దారి ఉంది, ప్రజకు లేదు. ఆ తర్వాత జరిగిన మేలంతా ప్రజకు కూడా ఆ దారిని కొద్దికొద్దిగా తెరవడంలోనే ఉంది.

తటస్థంగా ఉన్న ఆ ఎనిమిదింటిలో దక్షిణాఫ్రికా ఒకటి. అక్కడి భారతీయుల మీద చూపుతున్న వివక్షను మన దేశం 1946లోనే, ఇంకా స్వతంత్రం రాకముందే, సమితి ముందు పెట్టింది. అదే ఏడాది ఆ దేశంతో వ్యాపారం కూడా మానుకుంది. అది తమ ఆంతరంగిక వ్యవహారమని, సమితి నిబంధనావళే అందులో జోక్యాన్ని నిషేధిస్తోందని దక్షిణాఫ్రికా ఎంత వాదించినా సభ ఒప్పుకోలేదు. ఇవాళ మన దేశంలోని హక్కుల గురించి బయటివాళ్లు అడిగినప్పుడు అదే ఆంతరంగిక వ్యవహారం మాట మనవాళ్ల నోట వినిపిస్తే, నీవు 1946ను గుర్తు చేయాలి. అంతమాత్రాన ప్రజాస్వామ్యం పేరెత్తిన ప్రతి పెద్ద దేశాన్నీ నమ్మమని కాదు. 1973లో చిలీ సైన్యం కూల్చిన ప్రభుత్వం ప్రజలు ఎన్నుకున్నదే, దానిని బలహీనపరచడానికి అంతకుముందు నుంచీ పనిచేసింది అమెరికా. 2003లో ఇరాక్ మీద దండెత్తినప్పుడు కూడా ప్రజాస్వామ్యం మాటే వాడుకున్నారు. నా దృష్టిలో కొలత ఒక్కటే: ఆ సహకారం బలహీనుడి చేతికి ఏదైనా ఇచ్చిందా, బలవంతుడికే మరో సాకు ఇచ్చిందా?

నీ సొంత జిల్లా జగిత్యాల అని రాశావు. అటువంటప్పుడు వ్యాసాన్ని సమితి మానవ హక్కుల సమావేశాలు జరిగే జెనీవాతో ఎందుకు మొదలుపెట్టావో నాకు అర్థం కాలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనిషికి కఫీల్ అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వీసా ఇప్పించి పనిలో పెట్టుకునే యజమానే కఫీల్. అతను ఒప్పుకోకుండా పని మారడానికి వీలుండేది కాదు, కొన్ని దేశాల్లో అయితే దేశం విడిచి రావడానికీ వీలుండేది కాదు. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంటుంది, పారిపోయి కల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేని మనిషి, అయితే పట్టుబడిన రోజున జైలే గతి. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభకు వచ్చిన కార్మిక ప్రతినిధులు ఖతార్ మీద ఫిర్యాదు చేశారు. వారు ఆధారం చేసుకున్న వాటిలో ముఖ్యమైనది వెట్టిచాకిరీని నిషేధించే 1930 నాటి ఒడంబడిక. దాన్ని మన దేశం 1954లో ఆమోదించింది. మూడేళ్లకు పైగా ఒత్తిడి సాగాక, 2017లో ఖతార్ సంస్కరణలకు ఒప్పుకుంది; 2018లో ఆ సంస్థ దోహాలో కార్యాలయం తెరిచింది. ఎక్కువమంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ (దేశం విడవడానికి యజమాని ఇచ్చే అనుమతి) అవసరం లేదని ఆ ఏడాదే చట్టం వచ్చింది, 2020 జనవరిలో ఇళ్లలో పనిచేసేవారికి కూడా ఆ వెసులుబాటు దొరికింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు 2020లోనే ఇచ్చారు. 2021 మార్చి నుంచి ఏ దేశం వారికైనా కనీసం నెలకు వెయ్యి రియాళ్ల మూల వేతనం ఇవ్వాలన్నారు.

ఇవి చట్టంలోని మాటలు. ఇవి నిజంగా ఎంతవరకు అమలవుతున్నాయో తెలుసుకోవడానికి నీవు దోహా వెళ్లనక్కరలేదు, మీ ఊళ్లోనే ఇళ్లకు వెళ్లు. జీతం ఆగిపోతే ఎవరికి చెప్పుకున్నారో, రాయబార కార్యాలయం ఏమన్నదో, ఏజెంటుకు కట్టిన సొమ్ముకు మిత్తి ఇంకా ఎవరు కడుతున్నారో అడిగి రాసుకో. చనిపోయినవారి ఇంటికి వెళ్లినప్పుడు తొందరపడకు. పెట్టె రావడానికి ఎన్ని వారాలు పట్టిందో ఆ తల్లి తనంతట తానే చెబుతుంది. వలస కార్మికులందరి హక్కుల కోసం 1990లో సమితి చేసిన ఒడంబడికను గల్ఫ్ దేశాలూ ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదన్న సంగతి అప్పుడు రాస్తే పాఠకుడికి దాని బరువు తెలుస్తుంది.

ఒకరికి జరిగిన అన్యాయం మరొకరికి రక్షణగా మారడం కూడా ఈ చరిత్రలో ఉంది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన గ్రామీణ కార్యకర్తపై సామూహిక అత్యాచారం జరిగితే, దిగువ కోర్టు 1995లో నిందితులను ఆ నేరం నుంచి విముక్తులను చేసింది. ఆ ఘటన నేపథ్యంలో మహిళా సంఘాలు వేసిన, వాటిలో ఒకదాని పేరు మీద ‘విశాఖ’ అని పిలిచే కేసులో సుప్రీంకోర్టు 1997లో, మహిళలపై వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒడంబడికను ఆధారం చేసుకొని మార్గదర్శకాలిచ్చింది. 2013లో అవి చట్టమయ్యాయి. పదిమంది పనిచేసే ప్రతి చోటా, మాదాపూర్ కంపెనీలలో సైతం, ఇవాళ ఫిర్యాదుల కమిటీ ఉండవలసిందే. ఆ కార్యకర్తకు మాత్రం న్యాయం దక్కలేదు. ఈ రెండో మాట వదిలేసి మొదటిదే రాయడం నాకు నచ్చదు.

మన దేశం ఇచ్చినదాన్ని కూడా ఒక పేరాలో చెప్పు. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ 1953లో సూడాన్ వెళ్లి అక్కడి తొలి ఎన్నికలను నడిపించారు. 2005లో సమితి ప్రజాస్వామ్య నిధి ఏర్పడినప్పుడు ఎక్కువ విరాళమిచ్చిన దేశాల్లో మనదీ ఒకటి. గర్వించదగినవే, వాటి గురించి ఇంతకు మించి అక్కరలేదు.

గర్వించలేనిది మాత్రం వివరంగా రాయాలి. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై మన దేశం 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లును ఆమోదించినా అది రాజ్యసభ దాటలేదు. జెనీవాలోని మానవ హక్కుల మండలిలో సభ్యదేశాలు ఒకదాని పనితీరును మరొకటి సమీక్షించే పద్ధతి ఉంది. మన వంతు 2008, 2012, 2017, 2022లో వచ్చింది, ప్రతిసారీ పలు దేశాలు ఇదే అడిగాయి. లాకప్‌లో దెబ్బలు తిన్న మనిషికీ ఈ సమీక్షకీ మధ్య దూరం ఎంతో నీవు చూపించాలి. ఆ దూరాన్ని తగ్గించడానికి పౌర హక్కుల న్యాయవాదులు కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు ఈ నగరం నుంచే ఏళ్ల తరబడి పనిచేశారు. బాలగోపాల్ ఘటన జరిగిన చోటికే వెళ్లి విచారించి రాసేవారు; రాజ్యహింసను ఎంత నిష్కర్షగా ఖండించారో నక్సలైట్ల హింసనూ ప్రశ్నించారు. ఆ అభిప్రాయం గలవారితో కలిసి 1998లో మానవ హక్కుల వేదికను స్థాపించారు. తన పక్షం వాళ్లు తప్పు చేసినప్పుడు కూడా రాయగలిగిన మనిషి మాటకే వేదిక ఏదైనా విలువ ఉంటుందని నా గట్టి నమ్మకం.

ప్రతి సమీక్షకూ మూడు పత్రాలు తయారవుతాయి: ప్రభుత్వం ఇచ్చే నివేదిక, సమితి సంస్థల సమాచారం, పౌర సంఘాలు పంపినవాటి సారాంశం. 2022 నాటివి మూడూ నెట్‌లో దొరుకుతాయి. మొదటిదాన్నీ మూడోదాన్నీ ఎదురెదురుగా పెట్టుకొని చిత్రహింసల గురించి ఎవరేమన్నారో గుర్తు పెట్టుకో. తర్వాత మీ జిల్లాలో ఒక్క కేసు ఎంచుకొని, ఎఫ్ఐఆర్ నుంచి మొదలుపెట్టి కాగితాలన్నీ సంపాదించు. ఇవ్వనంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. బాధితుల పేర్లు వారి అనుమతి లేకుండా రాయకు. వ్యాసం మళ్లీ రాశాక, ఎంత పెద్దదైనా సరే, మొత్తం నాకు పంపు.

శుభాకాంక్షలతో.