ఘటం వాయిస్తాను, విదేశీ సంగీతకారులతో పనిచేయాలంటే ఇంకెన్ని వాయిద్యాలు నేర్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఘటం బాగానే వచ్చు, ఐటీ ఉద్యోగం ఉంది, బ్రెజిల్ తాళవాద్యకారులు అమెరికాలో, యూరప్‌లో ఎవరితో పడితే వాళ్ళతో కలిసి వాయించడం చూస్తుంటే అలాంటి కెరీర్ కావాలనిపిస్తోంది. అందుకు జెంబే, కహోన్, కోంగా, పండేరో అన్నీ నేర్చుకోవాలా, దేశం వదలాలా అని.

అన్నీ అక్కర్లేదు. ఇంకో వాయిద్యం కొనే ముందు బ్రెజిల్ తాళవాద్యకారుడు ననా వాస్కాన్సెలోస్ కెరీర్ ఎలా నడిచిందో ఒకసారి చూడండి. నేనూ ఘటమే వాయిస్తాను. కొన్నేళ్ళు జర్మనీలో ఉండి అక్కడ ఒక కపోయిరా (పాటతో, వాయిద్యాలతో ఆడే బ్రెజిల్ యుద్ధకళ) బృందంతోనూ, చిన్న చిన్న జాజ్ క్లబ్బుల్లోనూ వాయించాను. ఇప్పుడు హైదరాబాద్‌లో కచేరీలు, నాట్య కార్యక్రమాలు, రికార్డింగులు, పిల్లలకు పాఠాలు. కాబట్టి కింద చెప్పేదాంట్లో సగం ఆయన కథ, సగం నా గొడవ.

ననా 1944లో ఈశాన్య బ్రెజిల్‌లోని రెసీఫేలో పుట్టారు. తండ్రి సంగీతకారుడు. పన్నెండేళ్ళకే తండ్రి బృందంలో బోంగో, మరకాస్ పట్టుకుని కూర్చున్నారు, తర్వాత డ్రమ్స్‌కి మారారు. 1960ల చివర్లో రియోకి వెళ్ళి గాయకుడు మిల్టన్ నాసిమెంతోతో పనిచేశారు. అక్కడిదాకా మంచి డ్రమ్మర్ ఎవరికైనా ఉండే దారే. ఆయన్ని వేరుగా నిలబెట్టింది బెరింబౌ.

బెరింబౌ అంటే ఒక విల్లు. వంచిన కర్రకి స్టీలు తీగ (చాలాసార్లు పాత కారు టైరులోంచి తీసిందే), కింద ఓ ఎండు సొరకాయ బుర్ర. సన్నపుల్లతో తీగ మీద కొడతారు, రెండో చేతిలో ఉన్న రాయినో నాణేన్నో తీగకి ఆనించి శ్రుతి మారుస్తారు. పుల్ల పట్టుకున్న చేతికే కషిషి అనే చిన్న అల్లిక బుట్ట గిలక తగిలించి ఉంటుంది. ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా అంగోలా వైపు నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వెంట వచ్చిన వాయిద్యాల సంతతి ఇది. బ్రెజిల్‌లో దీని స్థానం కపోయిరా ఆటలో. ఆట వేగం, తీరు, ఎప్పుడు ఆపాలి, అన్నీ బెరింబౌ చెప్పినట్టే నడుస్తాయి. మూలస్వరాలు చూస్తే తీగ వదిలి కొట్టింది ఒకటి, రాయి గట్టిగా నొక్కి కొట్టింది ఒకటి, రాయి తేలిగ్గా ఆనిస్తే వచ్చే జర్రుమనే మోత ఒకటి. అంతే.

మొదటిసారి నా చేతికిచ్చినప్పుడు నాకు బాగా పరిచయమున్నట్టు అనిపించిన సంగతి ఒకటుంది. సొరకాయ బుర్ర మూతిని పొట్టకి ఆనించి, దూరంగా జరిపి, మళ్ళీ ఆనించి నాదం మూస్తూ తెరుస్తూ వాయిస్తారు. మనం ఘటం మూతిని పొట్టకి అదిమి, వదిలి గుమ్మని నాదం తెప్పిస్తామే, అదే పని. మా బృందంలో బెరింబౌ నేర్పే బ్రెజిలాయన నా ఘటం తీసుకుని ఏమీ చెప్పకుండానే పొట్టకి ఆనించుకున్నాడు. ఆ సాయంత్రం మేమిద్దరం మాట్లాడుకోవడానికి భాష పెద్దగా అవసరం పడలేదు. ఆయన జర్మన్ నాకన్నా అధ్వాన్నం లెండి.

ననా చేసిన పనేమిటంటే ఈ విల్లుని కపోయిరా వలయంలోంచి బయటికి తీసుకొచ్చి, ఒంటరిగా వేదిక మీద కథ చెప్పగల వాయిద్యంగా మార్చారు. ఆయన చెవిలో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఉన్నాడు, బ్రెజిల్ స్వరకర్త విల్లా లోబోస్ ఉన్నాడు. అర్జెంటీనా శాక్సఫోన్ విద్వాంసుడు గాటో బార్బియేరి 1970 ప్రాంతంలో ఆయన్ని తన బృందంలోకి తీసుకుని న్యూయార్క్‌కి, యూరప్‌కి తీసుకెళ్ళాడు. టూర్ అయ్యాక ననా ప్యారిస్‌లోనే ఉండిపోయారు. అక్కడ మానసిక చికిత్స పొందుతున్న పిల్లలతో సంగీతం చేయించే పని కూడా చేశారు. ఈ ముక్కని చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆయన కెరీర్‌లో ఇదే కీలకం అనిపిస్తుంది. తాళం లెక్క తెలియని, మాట సరిగా రాని పిల్లల ముందు మీ కోర్వైలు (లెక్కకట్టిన ముక్తాయింపులు), మీ వేగం ఎందుకూ పనికిరావు. గొంతు, చప్పట్లు, ఛాతీ మీద తట్టడం, ఊపిరి, వాళ్ళు చేసింది విని జవాబివ్వడం, ఇవే పనికొస్తాయి. తర్వాత ఆయన ఏ వేదిక మీద వాయించినా ఈ పద్ధతే కనిపిస్తుంది.

1976 సంగతి చూడండి. పియానో, గిటార్ రెండూ వాయించే ఎగ్బెర్తో జిస్మోంతి తన బృందంతో నార్వేలోని ఓస్లో వెళ్ళి ఈసీఎం కంపెనీకి రికార్డు చేయాలి. అప్పటి బ్రెజిల్ సైనిక ప్రభుత్వం విదేశాలకి వెళ్ళేవాళ్ళ దగ్గర భారీగా డిపాజిట్ కట్టించుకునేది. అందరికీ కట్టే స్తోమత లేక ఆయనొక్కడే బయల్దేరాడు. యూరప్‌లో ననా కలిశారు. ఏం వాయిద్దాం అంటే జిస్మోంతి నొటేషన్ ఇవ్వలేదు, ఇద్దరు పిల్లలు దట్టమైన అడవిలో నడుచుకుంటూ పోతున్నారనుకో అన్నాడు. డాన్సా దాస్ కబేసాస్ అనే ఆ రికార్డు అలా తయారైంది. వినండి, కానీ తాళం వేయకుండా వినండి. మన చేతికి ఆ అలవాటు మహా పాడుది.

ఇక కొడోనా. ఈ పేరు ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలతో కట్టింది: కొలిన్ వాల్కాట్, డాన్ చెర్రీ, ననా. వాల్కాట్ అమెరికన్, రవిశంకర్ దగ్గర సితార్, అల్లా రఖా దగ్గర తబలా నేర్చుకున్నాడు. చెర్రీ ట్రంపెట్ విద్వాంసుడు, పశ్చిమ ఆఫ్రికా వేటగాళ్ళ తంత్రీవాద్యం దుస్సన్‌గోని కూడా వాయించేవాడు. 1978 నుంచి మూడు రికార్డులు చేశారు. 1984లో తూర్పు జర్మనీలో రోడ్డు ప్రమాదంలో వాల్కాట్ పోవడంతో ఆ బృందం ఆగిపోయింది. నేను మీకు ముఖ్యంగా సిఫారసు చేసేది దీన్నే. ఇందులో ఒక్కడు కూడా తన విద్వత్తు చూపించడు. సితార్ పక్కన తబలా రాదగిన చోట కషిషి గలగల ఒక్కటే వినిపిస్తుంది, అదీ ఆగి ఆగి. మన ఫ్యూజన్ కచేరీలు తని ఆవర్తనాన్ని (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగాన్ని) డ్రమ్ సెట్‌తో పోటీగా మార్చేసి చివర్లో మూడుసార్లు తీర్మానం (ముగింపు లెక్క) కొట్టి చప్పట్లు రాబట్టే బాపతు. చప్పట్లు వస్తాయి, కాదనను. కానీ మీతో వాయించిన జాజ్ పియానిస్టు మిమ్మల్ని రెండోసారి పిలవడు.

మిగతా జాబితా పెద్దది. 1979లో స్టుట్‌గార్ట్ రేడియో ఆర్కెస్ట్రా తంత్రీవాద్యాలతో బెరింబౌని ముందుంచి చేసిన రికార్డు, 1980ల మొదట్లో గిటారిస్టు పాట్ మెథీనీ బృందం, నార్వే శాక్సఫోనిస్టు యాన్ గార్బరెక్, 1990లో గాయకుడు పాల్ సైమన్. మన తాళవాద్యకారుడు త్రిలోక్ గుర్టు రికార్డులో కూడా వాయించారు. డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక విమర్శకులు ఆయన్ని ఏళ్ళ తరబడి ఉత్తమ తాళవాద్యకారుడిగా ఎన్నుకున్నారు. ఇన్ని చోట్లకి ఆయన పట్టుకెళ్ళిన మూటలో ఉన్నవి దాదాపు అవే: బెరింబౌ, గిలకలు, గంటలు, కుండ డ్రమ్ము, ఒళ్ళు, గొంతు.

దీనికి పూర్తి ఎదురు దారి కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఐర్తో మొరేరా అనే ఇంకో బ్రెజిలియన్ అమెరికా వెళ్ళి జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్‌తో వాయించాడు. ఆయన బల్ల మీద పరిచిన సామాను చూస్తే తిరునాళ్ళ దుకాణంలా ఉంటుంది, ప్రతిదాన్నీ సరైన క్షణంలో ఒక్క దెబ్బకి వాడతాడు. 1991లో వచ్చిన ప్లానెట్ డ్రమ్ అనే రికార్డులో ఐర్తో, జాకిర్ హుస్సేన్, మన ఘటం విక్కు వినాయకరామ్ గారు కలిసి వాయించారు. వరల్డ్ మ్యూజిక్ విభాగంలో మొట్టమొదటి గ్రామీ ఆ రికార్డుకే వచ్చింది. అంటే మీ కుండకి దారి ఎప్పుడో వేసి ఉంది. విక్కు గారు అక్కడికి వెళ్ళి కోంగా వాయించలేదు, ఘటమే వాయించారు.

ఇప్పుడు మీకు నిజంగా కష్టమనిపించే చోటు. సాంబా. ఈ బ్రెజిల్ నాట్యసంగీతానిది పైకి రెండు మాత్రల తాళం, దానికి నాలుగు నాలుగు అక్షరాలు, తకధిమి తకధిమి అని కొన్నకోల్ (నోటితో పలికే తాళాక్షరాలు) చెప్పేసుకుంటే అయిపోతుందనుకుంటాం. కానీ సుర్దో అనే పెద్ద డ్రమ్ము బరువైన దెబ్బ పడేది రెండో మాత్ర మీద. మన చెయ్యి పుట్టుకతోనే సమం (తాళం మొదటి దెబ్బ) మీద దిగుతుంది. పైగా ఆ నాలుగు అక్షరాలు సమానంగా ఉండవు. చతురశ్రానికీ (నాలుగు లెక్క) తిశ్రానికీ (మూడు లెక్క) మధ్య ఎక్కడో ఊగుతూ ఉంటాయి, ఆ ఊపుని కాగితం మీద రాయలేం. నేను ఘటం మీద శుభ్రంగా, లెక్క తప్పకుండా వాయిస్తుంటే పండేరో (కంజీర లాంటి బ్రెజిల్ వాయిద్యం) వాయించే అమ్మాయి నవ్వి, కుర్చీలోంచి లేచి నడుస్తూ వాయించమంది. నడిచాను. ఘటంతో నడవడం ఎంత తమాషాగా ఉంటుందో మీకు తెలుసు. అయినా ఆ ఊపు కాలి నుంచే వస్తుందని తెలిసింది. మీకు హైదరాబాద్‌లోనే ఇది దొరుకుతుంది, బోనాల ఊరేగింపులో డప్పు పక్కన గంటసేపు నడవండి. సాంబా రాదు, కానీ లెక్కని కాళ్ళకి అప్పగించడం వస్తుంది.

ఇంకోటి, తీర్మానం. మనకి ముగింపు లెక్క కట్టి సమం మీదకి దింపడంలో ఉన్న ఆనందం వాళ్ళకి అర్థం కాక కాదు, బాగా ఇష్టపడతారు కూడా. కానీ కపోయిరాలో వలయం తిరుగుతూనే ఉండాలి. మీరు తీర్మానం కొడితే ఆట ఆపమని చెప్పినట్టవుతుంది. దాచుకోండి, అడిగినప్పుడు తీయండి.

డబ్బు, సామాను సంగతులు కూడా చెప్పాలి కదా. బెరింబౌకి తీగ విప్పితే కర్ర, బుర్ర వేరు వేరు. విమానంలో కర్రే పొడుగు సమస్య. ఘటానికి పగలడం సమస్య, దానికి మించి శ్రుతి సమస్య. జాజ్ వాళ్ళు పాటకో కీ మారుస్తారు, మన కుండ శ్రుతి స్థిరం, మైనం అంటించి కొద్దిగా దించగలం అంతే. ముందే పాటల కీలు అడగండి. మీ శ్రుతి వాళ్ళ షడ్జమమో పంచమమో అయ్యే పాటల్లో ఘటం వాయించండి, మిగతా వాటిలో చేతి చప్పట్లు, కొన్నకోల్, కంజీర. మానామదురై ఘటం బరువు, నాదం గట్టి, ప్రయాణానికి తట్టుకుంటుంది కూడా. చెన్నై ఘటం తేలిక, మైకు ముందు హాయిగా పలుకుతుంది. నేను మానామదురైదే ఒళ్ళో పెట్టుకుని ప్రయాణం చేస్తాను, విమానంలో పక్క సీటువాళ్ళు అస్థికలేమో అని అనుమానంగా చూసినా సరే.

క్లబ్బు కచేరీల్లో వచ్చేది రవాణా ఖర్చులకి, భోజనానికి సరిపోతుంది. అద్దె కట్టించింది వర్క్‌షాపులు: స్కూళ్ళలో, డాన్స్ స్టూడియోల్లో కొన్నకోల్ నేర్పడం. ఒక ఫెస్టివల్ నిర్వాహకుడు వాయించాక పారితోషికం నెలల తరబడి తిప్పించుకున్నాడు. కచేరీకి ముందు తలపాగా పెట్టుకోమని కూడా అడిగాడు, ఫొటోలో బాగుంటుందట. తలపాగా పెట్టలేదు. డబ్బు కోసం మాత్రం మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టాల్సి వచ్చింది. సగం అడ్వాన్సు, రాతలో ఒప్పందం లేకుండా టికెట్ కొనకండి.

దేశం వదలాలా అన్నదానికి కూడా ననా దగ్గర జవాబుంది. ప్యారిస్, న్యూయార్క్‌లలో చాలా ఏళ్ళు గడిపి చివరికి రెసీఫేకే తిరిగొచ్చారు. అక్కడ మరకటూ అనే ఊరేగింపు సంప్రదాయం ఉంది, అల్ఫాయా అనే పెద్ద డ్రమ్ములు, నేషన్లు అని పిలిచే బృందాలు. ఒక్కో నేషన్‌కి సొంత బాణీ, ఒకరంటే ఒకరికి పాత పోటీ. 2000ల మొదట్నుంచి ఏటా కార్నివాల్ ప్రారంభం రోజున ఈ నేషన్ల నుంచి వందలాది డ్రమ్మర్లని మార్కో జీరో కూడలిలో ఒకచోట నిలబెట్టి ఆయన నడిపించారు. అందుకోసం నెలల ముందు నుంచే ఆ బృందాల పేటలకి వెళ్ళి రిహార్సల్ చేయించేవారు. చేతిలో బెరింబౌ లేని రోజు కూడా ఆయన పని అదే, వినడం, అందరికీ చోటివ్వడం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉండి కూడా 2016 ఫిబ్రవరిలో ఆ కార్నివాల్‌ని ప్రారంభించారు, మార్చి 9న రెసీఫేలోనే పోయారు.

అందుకని ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. హైదరాబాద్‌లో, బెంగళూరులో కపోయిరా నేర్పే చోట్లు ఉన్నాయి, వారాంతం వెళ్ళి కూర్చోండి. వాయించడానికి కాదు, మొదట పాటకి వంత పాడటానికి, చప్పట్లు కొట్టడానికి. వాళ్ళే కుండ తీయమంటారు. ఈలోపు ఫోన్‌లో మీ ఘటం ఒక్కటీ పది నిమిషాలు, తాళం చెప్పకుండా, తీర్మానం లేకుండా రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, విని చెబుతాను. మీ ఘటం శ్రుతి ఎంతో కూడా రాయండి. ఒకటిన్నర (సి షార్ప్) దగ్గర్లో ఉంటే వచ్చే నెల నాకు ఓ రికార్డింగ్ ఉంది, అందులో పని పడొచ్చు.